ఆరోగ్యమనగా నేమి?

"ఆరోగ్యమే మహాభాగ్యము" అని తెలుగువారు అందురు. "తందురుస్తీ హజార్ నియామత్" అని ఉర్దూ మాట్లాడువారు అందురు. మా కళాశాలలో మెట్లప్రక్కనున్న గోడమీద ఈ రెండు సామెతలను రెండు లిపులలో వ్రాయించినారు. ప్రతిదినము వందలమంది విద్యార్థులు వాటిముందునుండియే నడచిపోవుచుందురు. ఒకటి ఆరోగ్యమును గొప్ప భాగ్యమనుచున్నది. మరియొకటి వేయి వరములతో సమానమనుచున్నది. వస్తువు విలువ ఎంతయో రెండును చెప్పినవి. ఆ వస్తువు ఏమిటో మాత్రము రెండింటిలో ఏదియు చెప్పలేదు.

గత సంవత్సరము ద్వితీయ సంవత్సర తరగతికి వ్యాసరచన నేర్పుచు ఈ సామెతనే అంశముగా ఇచ్చినాము. నలుబదికి పైగా వ్యాసములు వచ్చినవి. తెల్లవారుజామున లేవవలెనని, ఆకుకూరలు తినవలెనని, వ్యాయామము చేయవలెనని, పరిసరములను శుభ్రముగా ఉంచుకొనవలెనని ఇంచుమించుగా అందరును ఒకే వరుసలో వ్రాసినారు. దిద్దుచుండగా మాకు నిద్ర వచ్చినదని ఒప్పుకొనక తప్పదు. ఒక్క విద్యార్థిని మాత్రము మొదటి పేరాలోనే, "ఆరోగ్యమనగా రోగము లేకుండుట అని అనుకొందుము. మా నానమ్మకు ఏ రోగమును లేదని డాక్టరుగారు చెప్పినారు. కాని ఆమె మంచము దిగుట లేదు" అని వ్రాసినది. ఆ తరువాత ఏమి వ్రాయవలెనో తోచలేదు కాబోలు, తక్కినవారివలెనే ఆకుకూరలలోనికి దిగిపోయినది. మార్కులు వేయునపుడు మా కలము కొంతసేపు ఆగినది. ఆ అమ్మాయి విడిచిన చోటినుండి మేము ఈ వ్యాసమును మొదలు పెట్టుచున్నాము.

మేము వైద్యులము కాము. తెలుగు పాఠములు చెప్పుకొని బ్రతుకువారము. కనుక మాటలవద్ద ప్రారంభించుటయే మాకు చేతనైన పని. 'ఆరోగ్యము' అను సంస్కృత పదమును విడదీసి చూచినచో ముందుగా కనిపించునది లేమి. రోగము లేనివాడు అరోగుడు. అరోగుని స్థితి ఆరోగ్యము. ఈ మాట తనంతట తానుగా ఏమియు చెప్పదు. రోగమును వ్రేలితో చూపి, అది ఇక్కడ లేదు అని మాత్రమే చెప్పును. అదే భాషలోని 'స్వస్థ' శబ్దము వేరొక త్రోవ పట్టినది. 'స్వ' అనగా తాను, 'స్థ' అనగా నిలిచియుండునది. తనలో తాను నిలిచియున్నవాడు స్వస్థుడు. రోగము ప్రసక్తియే ఇందు లేదు.

ఉర్దూలోని 'తందురుస్తీ' ఫారసీనుండి వచ్చినది. 'తన్' అనగా శరీరము, 'దురుస్త్' అనగా సరిగా నున్నది. 'సెహత్' అరబ్బీ మాట. సరియైనది అను అర్థములో మనము వాడు 'సహీ' దానికి తోబుట్టువు. తప్పులు లేని వ్రాతప్రతి వంటిది సెహత్ గల శరీరము అన్నమాట. 'మిజాజ్' అనగా మిశ్రమము, కలయిక. పెద్దవారు "మిజాజ్ షరీఫ్?" అని పలకరించునపుడు, మీలోని మిశ్రమము సమముగా నున్నదా అనియే అడుగుచున్నారు, ఆ సంగతి వారికిని జ్ఞాపకము లేకపోవచ్చును. ఇక తెలంగాణ పల్లెలలో జ్వరమైనను, కాలునొప్పియైనను, దిగులైనను "పానం మంచిగ లేదు" అందురు. పానమనగా ప్రాణము. శరీరము వేరు, మనస్సు వేరు అను విభజన ఆ మాటలో లేదు. చదువుకొన్నవారు కొందరు దీనిని విని నవ్వుట మేము చూచినాము. మాకది నవ్వదగిన మాటగా తోచదు. వైద్యశాస్త్రము ఎంతో దూరము తిరిగి మరల చేరుకొన్న చోటు అదియే.

మన ప్రాచీనులు ఇచ్చిన నిర్వచనములలో సుశ్రుత సంహిత సూత్రస్థానమునందలిది ప్రసిద్ధమైనది. దోషములు, జఠరాగ్ని, ధాతువులు సమముగా నుండి, విసర్జనక్రియలు సక్రమముగా జరుగుచు, ఆత్మయు, ఇంద్రియములును, మనస్సును ప్రసన్నముగా నున్నవాడు స్వస్థుడని అందలి భావము. మొదటి సగము దేహమునకు సంబంధించినది. రెండవ సగము ప్రసన్నతకు సంబంధించినది. 'ప్రసన్న' శబ్దమునకు తేరిన నీటివంటి నిర్మలత్వమను అర్థము కూడ కలదు. బురద అడుగునకు దిగి, పైన తేట నిలిచిన కుండను తలచుకొన్నచో ఆ నిర్వచనము కంటికి కట్టును. కుండలో బురద లేదని కాదు; అది కలత పడి పైకి రాలేదని.

బుఖారా ప్రాంతమున పుట్టిన అబూ అలీ ఇబ్న్ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' అను గ్రంథమున వైద్యమును నిర్వచించుచు, అది మానవ శరీరపు స్థితులను తెలుపు విద్య అనియు, ఉన్న ఆరోగ్యమును కాపాడుటయు పోయినదానిని తిరిగి తెచ్చుటయు దాని ప్రయోజనమనియు చెప్పినాడు. కాపాడుట ముందు, తెచ్చుట వెనుక అని గమనింపవలెను. ఈ గ్రంథము 12వ శతాబ్దమున లాటినులోనికి పోయి, 17వ శతాబ్దము వరకు ఐరోపా విశ్వవిద్యాలయములలో పాఠ్యగ్రంథముగా నిలిచినది. చార్మినారు చెంతనున్న నిజామియా యునానీ ఆసుపత్రిలోని హకీములు చదివిన విద్యకు మూలము కూడ అదియే. యునానీ సంప్రదాయమున ఆరోగ్యమునకు తప్పనిసరియైనవి ఆరు: గాలి, అన్నపానములు, శరీరపు కదలికయు విశ్రాంతియు, మనస్సు కదలికయు విశ్రాంతియు, నిద్రయు మెలకువయు, శరీరమున నిలువవలసినది నిలుచుట, పోవలసినది పోవుట. ఈ ఆరింటిలో మొదటి రెండు శరీరమునకు వెలుపలనుండి రావలసినవే. పీల్చు గాలియు, త్రాగు నీరును మన దేహములో పుట్టవు.

ఇబ్న్ సీనా చెప్పిన వేరొక మాట మాకు మరింత ఇష్టమైనది. హిందూ దేశస్థుని మిజాజ్ ఒకటి, స్లావు దేశస్థుని మిజాజ్ మరియొకటి. ఎవరిది వారికి సమమే. ఒకరి మిజాజ్ మరియొకరికి వచ్చినచో వారు జబ్బుపడుదురని ఆయన వ్రాసినాడు. లోకములోని మనుష్యులందరికిని ఒకే కొలబద్ద సరిపడదని వేయి సంవత్సరముల క్రిందటనే ఒక వైద్యుడు గుర్తించినాడన్నమాట. ఆయనకు పూర్వుడైన గ్రీకు వైద్యుడు గాలెను ఆరోగ్యము, అనారోగ్యము అను రెంటితో తృప్తిపడక, ఈ రెండును కాని మూడవ స్థితి ఒకటి కలదన్నాడు. ఆ సంప్రదాయమువారు దానికి చూపిన ఉదాహరణములలో వృద్ధులును, రోగమునుండి లేచి ఇంకను తేరుకొననివారును ఉన్నారు. ఇబ్న్ సీనా దీనిని ఒప్పుకొనలేదు. మా విద్యార్థిని నానమ్మను తలచుకొన్నప్పుడెల్ల, ఈ ఒక్క విషయమున గాలెను పక్షము వహింపవలెనని మాకు తోచుచుండును.

ఈ గ్రంథములలోని చికిత్సలన్నియు నేటికిని పనికివచ్చునని మేము వాదించుట లేదు. వారికి సూక్ష్మజీవులను గూర్చి తెలియదు. 1897 ఆగష్టు 20న సికింద్రాబాదులో రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్ననాడు ఏ మిజాజ్ చర్చయు ఇవ్వలేని జ్ఞానము లోకమునకు లభించినది. ఆ కాలమున ఇటువంటి విజయములు ఒకదానివెంట నొకటి వచ్చినవి. ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క శత్రువు దొరికినాడు. కాని ఆ విజయముతోపాటు ఒక చిన్న నష్టము కూడ కలిగినది. వైద్యుని చూపు రోగముమీద ఎంతగా నిలిచినదనగా, వెదకి చూచి రోగము దొరకనిచో మిగిలినది ఆరోగ్యమే అనుకొను అలవాటు ఏర్పడినది. 'అ' అను లేమి మరల గెలిచినది.

దానిని సవరించుటకు రెండవ ప్రపంచ యుద్ధానంతరము గొప్ప ప్రయత్నము జరిగినది. 1946 జులై 22న న్యూయార్కు నగరమున 61 దేశముల ప్రతినిధులు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళిపై సంతకములు చేసినారు. 1948 ఏప్రిల్ 7న అది అమలులోనికి వచ్చినది. ఏటేట ఆ దినమును ప్రపంచ ఆరోగ్య దినముగా జరుపుకొనుచున్నాము. రోగమో దౌర్బల్యమో లేకుండుట మాత్రమే ఆరోగ్యము కాదనియు, శారీరకముగా, మానసికముగా, సామాజికముగా సంపూర్ణమైన క్షేమస్థితియే ఆరోగ్యమనియు ఆ నిబంధనావళి నిర్వచించినది. ముసాయిదాను సిద్ధము చేసినవారిలో ముఖ్యుడు యుగోస్లావియాకు చెందిన ఆండ్రియా స్టాంపర్ అను వైద్యుడు. పల్లెటూళ్ళలో నీటికొరకు, నివాసములకొరకు పాటుపడిన ఈయన యుద్ధకాలమున నాజీల నిర్బంధములో గడిపినాడు. 'సామాజికముగా' అను మాట ఆ పత్రములోనికి ఊరక వచ్చినది కాదు.

నిర్వచనము ఉదాత్తమైనది. కాని అందులో 'సంపూర్ణ' అను ఒక్క మాట చేరి చిక్కు తెచ్చినది. శరీరము, మనస్సు, సమాజము మూడింటను సంపూర్ణ క్షేమముతో నున్నవాడు మన ఊరిలో ఎవరు? పరీక్షల ముందు నిద్రపట్టని విద్యార్థి, అప్పుతీరని రైతు, చత్వారము వచ్చిన ఆచార్యుడు, వీరందరును ఆ కొలతకు అనారోగ్యవంతులే. అందరును జబ్బువారే అయినపుడు జబ్బు అను మాటకు అర్థము పోవును. 1998లో ఆధ్యాత్మిక క్షేమమును కూడ చేర్చవలెనను ప్రతిపాదన సంస్థ ముందుకు వచ్చినది గాని, నిర్వచనము మారలేదు. నేటికిని 1946 నాటి వాక్యమే నిలిచియున్నది.

వాక్యము ఎట్లున్నను, ఆసుపత్రిలో పని జరుగునది అంకెలతోనే. అంకెలు కనుక స్థిరముగా నుండునని సామాన్యుల నమ్మకము. ఉపవాసముతో తీసిన రక్తములో చక్కెర 140 మిల్లీగ్రాములకు చేరినచో మధుమేహమని పూర్వము అనుకొనెడివారు. 1997లో అమెరికాలోని నిపుణులు ఆ గీతను 126కు దింపినారు. రక్తపోటునకు 140/90 అను గీత చిరకాలము ఉండెను. 2017లో అక్కడి హృద్రోగ సంఘములే దానిని 130/80కి దింపగా, రక్తపోటు గలవారి లెక్క ఆ దేశపు వయోజనులలో 32 శాతమునుండి 46 శాతమునకు పెరిగినది. రాత్రి ఆరోగ్యవంతులుగా పండుకొన్న కోట్లమంది తెల్లవారి రోగులుగా లేచినారన్నమాట. వారి దేహములలో ఆ రాత్రి ఏ మార్పును జరుగలేదు. గీత దింపుటకు తగిన కారణములు లేకపోలేదు. ముందుగా కనిపెట్టిన గుండెపోటును, పక్షవాతమును కొంతవరకు ఆపవచ్చును. మేము చెప్పునది ఇంతే: గీతను ప్రకృతి గీయలేదు, మనుష్యులు ఆలోచించి గీసినారు. ఎవరు గీసినారు, ఎవరిని చూచి గీసినారు అని అడుగుట అవిధేయత కాదు. స్థూలకాయమునకు ఐరోపావారిని చూచి గీసిన గీత మనవారికి సరిపడదని, భారతీయులకు శరీర భార సూచిక 25 కాక 23 దాటిననే జాగ్రత్తపడవలెనని నిపుణులు తరువాత గుర్తించినారు. ఇబ్న్ సీనా ఉండినచో చిరునవ్వు నవ్వెడివాడేమో.

గీత వద్దు, పదిమందిలో ఎక్కువమంది ఎట్లున్నారో అదియే ఆరోగ్యమనుకొందమా? ఇది మరింత ప్రమాదకరము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో రక్తహీనత గలవారు దేశమున 57 శాతము. తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతము. సగమునకు మించినవారిలో ఉన్నదే సహజమన్నచో, మన స్త్రీలకు రక్తము తక్కువగా నుండుటయే సహజమని, అలసటయే వారి స్వభావమని ఒప్పుకొనవలసి వచ్చును. నిజమునకు చాలా ఇండ్లలో జరుగుచున్నది అదియే. "ఆడవారికి ఇవి ఉండునవే" అను వాక్యము వినని ఇల్లు ఏది?

నల్లగొండ జిల్లా కథ ఈ విషయమున గొప్ప పాఠము. అక్కడి నేలలోని నల్లరాయి, గ్రానైటు పొరలనుండి ఫ్లోరైడు భూగర్భజలములోనికి దిగును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడును ఏండ్లతరబడి త్రాగినచో పిల్లల పండ్లమీద గోధుమరంగు చారలు పడును, కీళ్ళు బిగియును, వెన్ను వంగిపోవును. మన దేశమున ఈ వ్యాధిని వైద్యులు లోకమునకు మొదట వెల్లడించినది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి. అంతకుముందే అక్కడి రైతులు తమ ఎడ్లు కాళ్ళు బిగిసి నడువలేకపోవుట గమనించినారని చెప్పుదురు. ఎద్దు నడువకున్నచో దున్నకము ఆగును గనుక అది కంటబడినది. మనుష్యుని పండ్లకు గార పట్టిననేమి? ఊరందరికిని పట్టినది. ఊరందరికిని ఉన్నది రోగమెట్లగును? "మా ఊరి పండ్లు ఇంతే" అనుకొన్నారు. ఆ తలిదండ్రులను మేము తప్పుపట్టుట లేదు. పోల్చి చూచుకొనుటకు వారి కన్నులయెదుట వేరొక నోరు లేదు.

ఇంకొక విశేషము. ఒకసారి వంగిన ఎముకను తిరిగి నిలుపు మందు లేదు. నీటిని కాచినచో ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది దాని పాలు హెచ్చును. పటిక, సున్నము కలిపి తేర్చి ఫ్లోరైడును తగ్గించు ఉపాయమును నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించగా, దానికి 'నల్లగొండ పద్ధతి' అను పేరే స్థిరపడి విదేశములకు కూడ వ్యాపించినది. ఒక జిల్లాకు ఇట్టి కీర్తి కలుగుట సంతోషకరమో, విషాదకరమో మాకు తెలియదు. తుదకు ఫలమిచ్చినది కృష్ణా నది నీరు గొట్టములలో పల్లెలకు చేరుట. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో అది మరింత విస్తరించినది. ఈ వ్యాధి విషయమున వైద్యుడు చేయగలిగినది స్వల్పము. నీరు తెచ్చిన ఇంజనీరు చేసినది ఎక్కువ. అట్లయిన నల్లగొండ బాలుని ఆరోగ్యము ఎక్కడ నున్నది? అతని ఎముకలోనా, వారి ఊరి నీటి తొట్టిలోనా? ఆరు అవసరములలో నీటిని చేర్చిన యునానీ పండితులకు ఈ ప్రశ్న వింతగా తోచదు.

2011లో నెదర్లాండ్సుకు చెందిన మాక్టెల్డ్ హూబర్ అను వైద్యురాలును ఆమె సహచరులును ఒక బ్రిటిషు వైద్యపత్రికలో క్రొత్త ప్రతిపాదన చేసినారు. ఆరోగ్యము సంపూర్ణ స్థితి కాదు, ఒక సామర్థ్యము; శరీరమున, మనస్సున, సంఘమున ఎదురగు కష్టములకు తగినట్లు మలచుకొని తన్ను తాను నడుపుకొనగల శక్తియే ఆరోగ్యమని దాని సారాంశము. దీర్ఘవ్యాధి గలవారు కూడ ఈ నిర్వచనమున ఆరోగ్యవంతులు కాగలరు. మాకు ఇది ఎంతయో నచ్చినది. ఎందులకు నచ్చినదో కొంత తరువాత చెప్పెదము. కాని తెలుగు చెప్పువారమగుటచే, దీనిని తెలుగులో చెప్పిచూడగానే ఒక శంక పుట్టినది. పరిస్థితులకు తగినట్లు మలచుకొనుటను మన ఇండ్లలో ఏమందురు? "సర్దుకొనిపోవుట" అందురు. అత్తవారింటికి పంపునపుడు ఆడపిల్లకు చెప్పు మాట అది. తక్కువ కూలికి ఎక్కువ గంటలు పనిచేయువానికి చెప్పు మాట అది. గారపట్టిన పండ్లతో నల్లగొండ పల్లెలు సర్దుకొనియే ఉన్నవి. సర్దుకొను శక్తి ఎంత ఎక్కువగా నున్నచో అంత ఆరోగ్యమన్న యెడల, మన దేశములో మొట్టమొదటి ఆరోగ్యవంతురాలు రక్తములేని తల్లియే.

కనుక ఆ నిర్వచనమునకు ఒక షరతు చేర్చవలెనని మా అభిప్రాయము. మలచుకొనుటకు కావలసినది చేతికి అందవలెను. మలచుకొనను అను స్వేచ్ఛ కూడ ఉండవలెను. మందును, నీటిని, విశ్రాంతిని, మాటవిను మనిషిని అడిగి పొందగలవాడు తన వ్యాధితో నెగ్గుకొని వచ్చినచో అది ఆరోగ్యము. ఇవి ఏవియు అందక, అడుగుటకు నోరురాక నెట్టుకొని వచ్చినచో అది ఓర్పు. ఓర్పు గొప్ప గుణమే. కాని దానిని ఆరోగ్యమను పేరుతో పిలుచుట తగదు.

పుస్తకములలో చదివి మాత్రమే ఈ మాట చెప్పుట లేదు. మాకు పదునేడవ ఏట టైపు 1 మధుమేహము వచ్చినది. నాటినుండి నేటివరకు ప్రతిదినము ఇన్సులిను సూది వేసికొనుచునే ఉన్నాము. ఈ మందు మొదటిసారిగా ఒక మనుష్యునికి ఇచ్చినది 1922లో. దానికి ముందు పుట్టియుండినచో ఈ వ్యాసము వ్రాయుటకు మేము మిగిలెడివారము కాము. ఉద్యోగమున చేరునపుడు ఆరోగ్య ధ్రువపత్రము కావలసి వచ్చినది. వైద్యుడు మా కాగితములు చూచి, కలము మూత తీసి, "మీరు రోగులు కదా, ఆరోగ్యవంతులని ఎట్లు వ్రాయను?" అన్నారు. "పాఠము చెప్పగలము, సార్" అన్నాము. ఆయన మరికొన్ని ప్రశ్నలడిగి, కొంతసేపు ఆలోచించి, సంతకము చేసినారు. ఆనాడు ఆయన వ్రాసినది సరియైనదే అని ఇన్ని సంవత్సరముల తరువాతను మేము నమ్ముచున్నాము. పాఠము మధ్యలో చక్కెర తగ్గినచో జేబులో బెల్లపుముక్క ఉండును. విద్యార్థులకు ఆ సంగతి తెలియును. ఎవరును నవ్వరు.

మేము విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదువు దినములలో మా ఇంటిలో రోగి అనగా మేమే. కుటుంబమంతయు మా సూది, మా భోజనపు వేళ చుట్టు తిరిగెడిది. అమ్మీకి ఏ రోగమును లేదు. తెల్లవారకముందే లేచి, అందరికిని వడ్డించి, చివరకు మిగిలినది తినెడిది. మెట్లు ఎక్కునపుడు నడుమ నిలిచిపోయెడిది. "క్యా హువా అమ్మీ?" అన్నచో "కుచ్ నై బేటా, జరా థక్ గయీ" అనెడిది. తబియత్ ఎట్లున్నదని ఎవరడిగినను "అల్లా కా షుకర్ హై" అనునది ఒక్కటే జవాబు. ఒకనాడు వంటయింటిలో తల తిరిగి పడిపోయినది. పరీక్ష చేయించగా హిమోగ్లోబిను 7.4 వచ్చినది, స్త్రీలకు 12 ఉండవలెను. వైద్యురాలు తలుపు వేసి ఒంటరిగా అడిగినపుడు, నాలుగేండ్లనుండి నెలనెలా అధిక రక్తస్రావమగుచున్నదని, ఇంటిలో ఎవరికిని చెప్పలేదని తెలిసినది. గర్భాశయమున గడ్డలు. శస్త్రచికిత్సయు, నెలలతరబడి ఇనుము మాత్రలును అవసరమైనవి.

ఎందుకు చెప్పలేదని అడిగినాము. "తుమారీ బీమారీ కాఫీ నై థీ క్యా?" అన్నది. మీ జబ్బు చాలదా అని. ఆ నాలుగేండ్లు మా ఇంటిలో రోగము గలవారు ఆరోగ్యముగా తిరిగినారు. రోగము లేదని పేరుపడిన మనిషి ఆరోగ్యమును కోల్పోవుచుండెను. రెండు ఎట్లు సాధ్యమైనవో లెక్క వేసికొన్నచో, మాకు అందినవన్నియు ఆమెకు అందనివే అని తేలినది: సమయమునకు తిండి, అడుగువారు, మందునకు పైకము, జబ్బు చెప్పుకొనుటకు అనుమతి. ఇప్పుడు అమ్మీ మాతోపాటు కూర్చుండి తినుచున్నది. తబియత్ ఎట్లున్నదని అడిగినచో వెంటనే జవాబు చెప్పదు. ఒక క్షణము ఆలోచించుకొనును. కొన్ని దినములు "ఆజ్ ఠీక్ నై హై" అనును.

ఇక ఆ విద్యార్థిని వ్యాసము. మార్కులు వేసి, చివర ఎర్రసిరాతో "నానమ్మ మంచము ఎందుకు దిగుట లేదు?" అని ఒక ప్రశ్న వ్రాసి తిరిగి ఇచ్చినాము. ఆ ప్రశ్నకు జవాబు వచ్చునని మేము అనుకొనలేదు. పది దినముల తరువాత ఆ అమ్మాయి స్టాఫ్ రూము వద్దకు వచ్చినది. తాత పోయిన పిదప నానమ్మను పల్లెనుండి పట్టణమునకు తెచ్చినారట. ఇల్లు మూడవ అంతస్తులో, లిఫ్టు లేదు. పల్లెలో ఆమె ఉదయమే వాకిలి ఊడ్చి, కోళ్ళకు గింజలు వేసి, అరుగుమీద కూర్చుండి వచ్చిపోవువారిని పలకరించెడిది. మోకాళ్ళు అప్పుడును నొప్పులే. ఇక్కడ మంచము దిగి పోవలసిన చోటు ఒక్కటియు లేదు.

"డాక్టరుగారు ఇవి అడుగలేదు సార్, మేమును అడుగలేదు. మీరు వ్రాసినారని ఇంటికి పోయి నానమ్మనే అడిగినాను" అన్నది ఆ అమ్మాయి. అద్దె రెండువేలు ఎక్కువైనను, వాకిలి ఉన్న క్రింది వాటా ఒకటి దొరుకునేమో అని వాళ్ళ నాన్నగారు వెదకుచున్నారట.